24 ఒక్కటే చాలదు: పురుషుల టెన్నిస్‌లో అత్యుత్తముడు ఎవరు?

పురుషుల టెన్నిస్‌లో అందరికన్నా గొప్ప ఆటగాడు ఎవరని అడిగితే ఇప్పుడు జవాబు చెప్పడానికి అర నిమిషం కూడా పట్టదు. నొవాక్ జకోవిచ్ 24 గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు (ఆస్ట్రేలియన్, ఫ్రెంచ్, యూఎస్ ఓపెన్‌లు, వింబుల్డన్ అనే నాలుగు అతిపెద్ద టోర్నీల టైటిళ్లు) గెలిచాడు. రఫెల్ నాదల్ 22, రోజర్ ఫెదరర్ 20. పెద్ద అంకె ఎవరిదైతే పీట వాళ్లదే. ఆ జవాబు తప్పు కాదు కానీ, దానికి చూపిస్తున్న కారణం మాత్రం బలహీనమైనది. గ్రాండ్‌స్లామ్‌లు లెక్కపెట్టి ఆటగాళ్లను వరుసలో నిలబెట్టడం టెన్నిస్‌లో మొదటి నుంచీ ఉన్న పద్ధతి కాదు. అంతకుముందు ఆడినవాళ్లలో కొందరు ఆ లెక్కను పట్టించుకోలేదు, కొందరినైతే అసలు ఆ టోర్నీల్లో ఆడనివ్వలేదు. వాళ్లను ఇవాళ్టి కొలతతో కొలిచి చిన్నవాళ్లను చేయడం అన్యాయం. మొదటి స్థానం జకోవిచ్‌కు ఇవ్వాల్సిందే, అయితే ఎందుకు ఇవ్వాలో సరిగ్గా చెప్పి ఇవ్వాలి.

ఈ లెక్క ఎప్పటిది?

2000 జూలైలో వింబుల్డన్ ఫైనల్లో ప్యాట్రిక్ రాఫ్టర్‌ను ఓడించి పీట్ సంప్రాస్ తన 13వ గ్రాండ్‌స్లామ్ అందుకున్నాడు. అప్పటిదాకా రికార్డు ఆస్ట్రేలియాకు చెందిన రాయ్ ఎమర్సన్‌ది, 12 టైటిళ్లు. ఎమర్సన్ ఆ పన్నెండోది గెలిచింది 1967లో. మధ్యలో 33 ఏళ్లు గడిచాయి. ఆ కాలమంతా టెన్నిస్ లోకం ఆ రికార్డు వెంట పరుగెత్తిందా అంటే, లేదు. సంప్రాస్ దగ్గరపడ్డాకే ఎమర్సన్ పేరు మళ్లీ పత్రికల్లోకి వచ్చింది.

దీనికి స్వీడన్ ఆటగాడు బ్యోర్న్ బోర్గ్ కన్నా మంచి రుజువు లేదు. 1981 ఫ్రెంచ్ ఓపెన్ గెలిచేసరికి బోర్గ్ వయసు పాతికేళ్లు, చేతిలో 11 గ్రాండ్‌స్లామ్‌లు. ఇంకొక్కటి గెలిస్తే రికార్డు సమం, రెండు గెలిస్తే సొంతం. అలాంటి స్థితిలో ఉన్న ఆటగాడు ఇవాళ ఏం చేస్తాడో ఊహించడం కష్టం కాదు. బోర్గ్ మాత్రం ఆ ఏడాది వింబుల్డన్, యూఎస్ ఓపెన్ ఫైనళ్లలో అమెరికా ఆటగాడు జాన్ మెకన్రో చేతిలో ఓడిపోయి, ఆ తర్వాత పెద్ద టోర్నీల వైపు దాదాపు చూడనే లేదు. 1983 జనవరిలో రిటైర్మెంట్ ప్రకటించాడు. తన కెరీర్ మొత్తంలో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఆడింది ఒకే ఒక్కసారి, 1974లో. అప్పట్లో ఆ టోర్నీ చాలా దూరం, ప్రైజ్‌మనీ తక్కువ, కొన్నేళ్లు సరిగ్గా క్రిస్మస్ పండగ రోజుల్లో జరిగేది. అగ్రశ్రేణి ఆటగాళ్లు దాన్ని వదిలేయడం మామూలు విషయం. డల్లాస్‌లో జరిగే డబ్ల్యూసీటీ (వరల్డ్ చాంపియన్‌షిప్ టెన్నిస్) ఫైనల్స్, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆ ఏడాది అగ్రశ్రేణి ఆటగాళ్ల మధ్య జరిగే మాస్టర్స్ వాళ్లకు అంతకన్నా ముఖ్యం.

జిమ్మీ కానర్స్ కథ ఇంకో రకం. 1974లో నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలో మూడు గెలిచాడు. నాలుగోదైన ఫ్రెంచ్ ఓపెన్‌లో అతన్ని ఆడనివ్వలేదు. అమెరికాలో అప్పుడే మొదలైన వరల్డ్ టీమ్ టెన్నిస్‌తో ఒప్పందం కుదుర్చుకున్నందుకు వచ్చిన నిషేధం అది. ఆ కోపంతో తర్వాత కొన్నేళ్లు పారిస్ వెళ్లలేదు. కానర్స్ ఖాతాలో ఇవాళ కనిపించే గ్రాండ్‌స్లామ్‌లు 8. మొత్తం టైటిళ్లు మాత్రం 109. ఆ సంఖ్యను ఫెదరర్ కూడా అందుకోలేకపోయాడు, 103 దగ్గర ఆగాడు.

అంటే 1970ల ఆటగాళ్లను గ్రాండ్‌స్లామ్ అంకెతో కొలిస్తే, వాళ్లు రాయని పరీక్షకు మార్కులు వేసినట్టే. అంతకుముందు తరం పరిస్థితి ఇంకా ఘోరం.

1968కి ముందు

1968 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని బోర్న్‌మత్‌లో అమెచ్యూర్లు, ప్రొఫెషనల్స్ కలిసి ఆడిన మొదటి ఓపెన్ టోర్నీ జరిగేదాకా పెద్ద టోర్నీలన్నీ అమెచ్యూర్లవే, అంటే ఆటను వృత్తిగా చేసుకోనివాళ్లవే. ఆటతో బహిరంగంగా డబ్బు సంపాదించాలని ప్రొఫెషనల్ ఒప్పందం మీద సంతకం పెట్టినవాడికి వింబుల్డన్ తలుపులు మూసుకుపోయేవి, డేవిస్ కప్ కూడా పోయేది. మరి ప్రొఫెషనల్స్‌లోకి వెళ్లేది ఎవరు? అప్పటికి అందరికన్నా బాగా ఆడుతున్నవాళ్లు. ప్రమోటర్లు డబ్బు పెట్టేది వాళ్ల మీదే కదా. ఏటా ఉత్తముణ్ణి తీసి పక్కన పెట్టి, మిగిలినవాళ్ల మధ్య జరిగిన పోటీలను మనం ఇవాళ గ్రాండ్‌స్లామ్ రికార్డులుగా చదువుకుంటున్నాం.

పాంచో గొంజాలెజ్‌ను చూడండి. 1948, 1949ల్లో అమెరికా చాంపియన్‌షిప్ (నేటి యూఎస్ ఓపెన్) విజేత. 21 ఏళ్ల వయసులో ప్రొఫెషనల్ అయ్యాడు. 1950ల రెండో సగంలో ప్రపంచంలో అతన్ని మించిన ఆటగాడు లేడన్నది ఆ కాలం ఎరిగినవాళ్ల మాట. గ్రాండ్‌స్లామ్ అంకె మాత్రం రెండు దగ్గరే ఆగిపోయింది. ఓపెన్ యుగం వచ్చి మళ్లీ తలుపులు తెరుచుకునేసరికి అతనికి 40 ఏళ్లు. ఆ వయసులో 1968 ఫ్రెంచ్ ఓపెన్ క్వార్టర్ ఫైనల్లో డిఫెండింగ్ చాంపియన్ ఎమర్సన్‌ను ఓడించాడు. మరుసటి ఏడాది వింబుల్డన్‌లో, 41 ఏళ్ల వయసులో, చార్లీ పాసరెల్‌తో రెండు రోజులపాటు సాగిన మ్యాచ్‌ను 22-24, 1-6, 16-14, 6-3, 11-9తో గెలిచాడు. సమంగా సాగే సెట్‌ను తేల్చేసే టైబ్రేక్ ఇంకా రాని రోజులు అవి. నలభై దాటాక ఇలా ఆడినవాడు ముప్పైలో ఎలా ఆడి ఉంటాడో రికార్డు పుస్తకం చెప్పదు. ఈ చర్చలో అందరికన్నా ఎక్కువ అన్యాయం జరిగింది అతనికే.

కెన్ రోజ్‌వాల్ మొదటి గ్రాండ్‌స్లామ్ 1953లో, చివరిది 1972లో గెలిచాడు. మధ్యలో 1957 నుంచి 1967 దాకా పదకొండేళ్లు ఒక్క గ్రాండ్‌స్లామ్ కూడా ఆడే హక్కు లేదు. అయినా ఎనిమిది ఉన్నాయి. 1974లో 39 ఏళ్ల వయసులో వింబుల్డన్, యూఎస్ ఓపెన్ రెండింటిలోనూ ఫైనల్ చేరాడు.

ఇక రాడ్ లేవర్. ఒకే ఏడాదిలో నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ రెండుసార్లు గెలిచిన ఏకైక పురుషుడు, 1962లో ఒకసారి, 1969లో ఒకసారి. మధ్యలో ప్రొఫెషనల్ కావడం వల్ల 21 గ్రాండ్‌స్లామ్‌లు ఆడలేకపోయాడు. ఆ 21లో సగం గెలిచినా జకోవిచ్ దగ్గరికి వచ్చేసేవాడు కదా అన్నది లేవర్ అభిమానుల వాదన. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఈ కూడికలో ఒక తీసివేత కూడా దాగి ఉంది. లేవర్ 11 టైటిళ్లలో ఆరు అమెచ్యూర్‌గా, అంటే రోజ్‌వాల్, గొంజాలెజ్, లూ హోడ్ లాంటివాళ్లు లేని చోట గెలిచినవి. 1962లో నాలుగూ గెలిచి ప్రపంచ విజేత హోదాతో 1963 మొదట్లో ప్రొఫెషనల్స్‌లో అడుగుపెట్టిన లేవర్‌ను హోడ్, రోజ్‌వాల్ పదేపదే ఓడించారు. అంటే 1962లో లేవర్ ప్రపంచంలో మొదటి ఆటగాడు కాడు, బహుశా రెండోవాడు కూడా కాడు. అందరికీ తలుపులు తెరిచి ఉంటే ఆ ఆరింటిలో కొన్ని పోయేవి, ఆ తర్వాతి 21లో కొన్ని వచ్చేవి. మొత్తం ఎంతయ్యేదో చెప్పడం ఎవరి తరమూ కాదు. 1969 సంగతి పూర్తిగా వేరు. అప్పటికి అందరూ బరిలో ఉన్నారు. ఆ ఏడాది లేవర్ గెలిచిన నాలుగింటిలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

ఎమర్సన్ అంకెను కూడా ఇదే వెలుగులో చూడాలి. అతని 12లో 10 టైటిళ్లు 1963–67 మధ్య, లేవర్ లేని ఐదేళ్లలో వచ్చినవే. మిగిలిన రెండు మాత్రం 1961లో లేవర్‌నే ఫైనల్లో ఓడించి గెలిచాడు. కాబట్టి అతన్ని తీసిపారేయడానికీ వీల్లేదు.

ఈ అమెచ్యూర్, ప్రొఫెషనల్ గోడ మన దేశాన్నీ తాకింది. మద్రాసు ఆటగాడు రామనాథన్ కృష్ణన్ 1960, 1961ల్లో వరసగా వింబుల్డన్ సెమీఫైనల్ చేరాడు. రెండోసారి అతన్ని ఆపింది లేవరే. ప్రొఫెషనల్ కావాలని ప్రమోటర్ జాక్ క్రామర్ పిలిచినా కృష్ణన్ వెళ్లలేదు. 1966లో భారత్ డేవిస్ కప్ చివరి పోరు దాకా చేరి ఆస్ట్రేలియాతో మెల్‌బోర్న్‌లో తలపడిందంటే అందులో ఆ నిర్ణయం పాత్ర చాలా ఉంది. డబ్బు వైపు వెళ్లినవాళ్లు గ్రాండ్‌స్లామ్‌లు కోల్పోయారు, ఉండిపోయినవాళ్లు డబ్బు కోల్పోయారు.

కోర్టులు మారాయి, కెరీర్లు పెరిగాయి

లేవర్ 1969 ఘనతకు జకోవిచ్ అభిమానులు చెప్పే వంక ఒకటుంది. అప్పట్లో నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలో మూడు పచ్చిక కోర్టుల మీదే జరిగేవి, ఫ్రెంచ్ ఓపెన్ ఒక్కటే మట్టి మీద. ఇది నిజం. యూఎస్ ఓపెన్ 1974 దాకా, ఆస్ట్రేలియన్ ఓపెన్ 1987 దాకా పచ్చిక మీదే నడిచాయి. 1988 నుంచి ఆ రెండూ హార్డ్ కోర్టులు కావడంతో ఇప్పుడు మూడు రకాల కోర్టుల మీద గెలవాలి.

అయితే ఈ మూడు రకాల మధ్య దూరం ఒకప్పటంత లేదు. 1969 తర్వాత కెరీర్‌లో నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ గెలిచిన తర్వాతి పురుషుడు ఆండ్రీ అగస్సీ, 1999లో. అంటే 30 ఏళ్లపాటు ఎవరివల్లా కాలేదు. వింబుల్డన్‌లో ఏడుసార్లు గెలిచిన సంప్రాస్ ఫ్రెంచ్ ఓపెన్‌లో ఒక్కసారి కూడా ఫైనల్ చేరలేదు. ఆ తర్వాత చూస్తే 2009లో ఫెదరర్, 2010లో నాదల్, 2016లో జకోవిచ్. ఏడేళ్లలో ముగ్గురు! ముగ్గురూ అసాధారణ ప్రతిభావంతులే, కాదనేవారు లేరు. కానీ ఒకే కాలంలో ముగ్గురికి సాధ్యమైనది అంతకుముందు మూడు దశాబ్దాల్లో ఒక్కడికే సాధ్యమైందంటే ఆటలోనే ఏదో మారిందని అర్థం.

మారినవి కొన్ని స్పష్టంగా కనిపిస్తాయి. 2001 నుంచి వింబుల్డన్‌లో పచ్చికను పూర్తిగా రై గడ్డితోనే పెంచుతున్నారు. నేల గట్టిపడి బంతి మునుపటికన్నా నిలకడగా, కాస్త ఎత్తుగా లేస్తోంది. సర్వీస్ చేసి నెట్ దగ్గరికి ఉరికేవాళ్లకు అడ్డా అయిన చోట 2002 ఫైనల్ కోర్టు వెనక గీత దగ్గరి నుంచి ఆడే ఇద్దరు బేస్‌లైన్ ఆటగాళ్ల మధ్య జరిగింది, హెవిట్, నల్బందియాన్. 1997లో కుయెర్టెన్ పారిస్‌లో గెలిచాక పాలియెస్టర్ తీగలు అందరి రాకెట్లలోకీ వచ్చాయి. బంతిని ఎంత బలంగా కొట్టినా టాప్‌స్పిన్‌తో కోర్టు లోపలే దిగుతుంది కాబట్టి నెట్ దగ్గర నిలబడ్డవాడికి కష్టాలు మొదలయ్యాయి. ఒకే తరహా ఆట అన్ని కోర్టుల మీదా పనికొచ్చే రోజులు వచ్చాయి. దీనికి తోడు 2001లో గ్రాండ్‌స్లామ్‌లలో సీడింగ్‌ను (అగ్ర ఆటగాళ్లు మొదట్లోనే ఒకరికొకరు ఎదురుకాకుండా వేరు చేసే పద్ధతిని) 16 మంది నుంచి 32 మందికి పెంచారు. పెద్ద ఆటగాడికి మూడో రౌండ్ దాకా మరో సీడెడ్ ఆటగాడు ఎదురుకాడు. ఫిజియోలు, ఆహారం, సొంత బృందాలు కెరీర్లను ముప్పై అయిదు దాటించాయి.

అందుకే 1978, 79, 80ల్లో వరసగా మూడేళ్లు బోర్గ్ ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి, కొద్ది వారాల్లోనే అప్పటి జారుడు పచ్చిక మీద వింబుల్డన్ కూడా గెలవడం నేటి గణాంకాల పక్కన పెట్టినా వెలవెలబోదు.

ముగ్గురిలో ఎవరు?

ఫెదరర్, నాదల్, జకోవిచ్‌ల మధ్య పోలిక మాత్రం న్యాయమైన పోలిక. ముగ్గురూ ఒకే కోర్టుల మీద, ఒకే నిబంధనలతో, అవే గ్రాండ్‌స్లామ్‌ల కోసం, ఒకరినొకరు చూస్తూ ఆడారు. ఆ అంకె ముఖ్యమని ముగ్గురికీ తెలుసు. కాబట్టి ఇక్కడ 24, 22, 20లకు అర్థముంది.

నాదల్‌ను మట్టి కోర్టు ఆటగాడని పక్కన పెట్టేవాళ్లు ఒక్క సంగతి గమనించాలి. 14 ఫ్రెంచ్ ఓపెన్‌లు తీసేసినా అతనికి ఇంకా 8 గ్రాండ్‌స్లామ్‌లు మిగులుతాయి. అగస్సీ, కానర్స్, లెండిల్‌ల మొత్తం కెరీర్ లెక్క కూడా ఎనిమిదే. ఫ్రెంచ్ ఓపెన్ జరిగే రోలాండ్ గారోస్‌లో 112 గెలుపులు, 4 ఓటములు అన్న రికార్డు ఏ ఆటలోనైనా ఒక మైదానం మీద ఒక మనిషి సాధించిన అతి పెద్ద ఆధిపత్యాల్లో ఒకటి. అయితే ఏడాది పొడవునా సాగే ఆటలో నాదల్‌కు ఖాళీలున్నాయి. ఏడాది చివర జరిగే ఏటీపీ ఫైనల్స్ ఒక్కసారి కూడా గెలవలేదు. నంబర్‌వన్‌గా ఉన్నది 209 వారాలు. ఫెదరర్ 310, జకోవిచ్ 428.

ఫెదరర్ వాదన అంకెల మీద కన్నా శిఖరం మీద ఆధారపడింది. 2004 నుంచి 2007 దాకా జరిగిన 16 గ్రాండ్‌స్లామ్‌లలో 11 అతనివే. వరసగా 23 గ్రాండ్‌స్లామ్‌లలో సెమీస్ చేరాడు. ఇంత అందంగా ఆడుతూ ఇంత నిలకడగా గెలిచినవాడు మరొకడు లేడు. ఆ అందానికి పాయింట్లు లేకపోవచ్చు, కానీ కోట్ల మందిని ఆట దగ్గరికి తెచ్చింది అదే. అప్పటి ప్రత్యర్థులు బలహీనులు, హెవిట్, రాడిక్, సాఫిన్ లాంటివాళ్ల మీద గెలిచాడు అని తక్కువ చేసేవాళ్లకు జవాబు జకోవిచ్ రికార్డులోనే ఉంది. జకోవిచ్ 24లో సరిగ్గా సగం, 12 టైటిళ్లు, 30 ఏళ్లు నిండాక వచ్చినవి. ఆ కాలంలో అతన్ని ఆపాల్సింది 1990ల్లో పుట్టిన తరం. 2025 ముగిసేనాటికి ఆ దశాబ్దంలో పుట్టిన పురుషులందరూ కలిసి గెలిచిన సింగిల్స్ గ్రాండ్‌స్లామ్‌లు రెండే రెండు, 2020 యూఎస్ ఓపెన్‌లో థీమ్, 2021 యూఎస్ ఓపెన్‌లో మెద్వెదెవ్. ఆ తర్వాత పగ్గాలు 2000 తర్వాత పుట్టిన సినర్, అల్కరాస్‌ల చేతికే వెళ్లాయి. బలహీన ప్రత్యర్థుల వాదన ఫెదరర్ మీద ప్రయోగిస్తే జకోవిచ్ మీదా ప్రయోగించాలి. ఇద్దరి మీదా ప్రయోగించకపోవడమే సబబు, ఎందుకంటే ఒక తరం బలహీనమైందా, లేక పైవాళ్లు దాన్ని ఎదగనివ్వలేదా అన్నది బయటి నుంచి తేల్చలేం.

ముఖాముఖి లెక్కలనూ జాగ్రత్తగా చదవాలి. నాదల్ 24–16తో ఫెదరర్ కన్నా ముందున్నాడు. ఆ 40 మ్యాచ్‌లలో 16 మట్టి మీద జరిగాయి, వాటిలో 14 నాదల్‌వి. హార్డ్ కోర్టుల మీద ఫెదరర్‌దే పైచేయి, 11–9. పచ్చిక మీద 3–1. ఫెదరర్ మట్టి మీద కూడా ఫైనళ్లు చేరేంత మంచివాడు కాబట్టే నాదల్ చేతిలో అన్నిసార్లు ఓడాడు. ముందే ఇంటిదారి పట్టి ఉంటే ఈ లెక్క అతనికి మెరుగ్గా కనిపించేది. జకోవిచ్, నాదల్‌ల మధ్య 31–29. ఇందులోనూ హార్డ్ కోర్టుల మీద జకోవిచ్ 20–7, మట్టి మీద నాదల్ 20–9, పచ్చిక మీద 2–2. గ్రాండ్‌స్లామ్‌లలో మాత్రం నాదల్ 11–7తో ముందున్నాడు, అందులో ఎనిమిది పారిస్‌లో వచ్చినవే. రెండు మ్యాచ్‌ల ఆధిక్యం చూపించి ఎవరు గొప్పో తేల్చడం కుదరదు.

జకోవిచ్‌ను మిగతా ఇద్దరి నుంచి వేరు చేసేది, అతన్ని ఓడించడానికి అనువైన చోటంటూ దొరకకపోవడం. ఫెదరర్‌ను మట్టి మీదికి లాగితే నాదల్ గెలిచేవాడు. నాదల్‌ను ఇండోర్ హార్డ్ కోర్టు మీదికి తెస్తే అతని పదును తగ్గేది. జకోవిచ్‌కు అలాంటి చోటు లేదు. గ్రాండ్‌స్లామ్‌ల తర్వాతి స్థాయివైన తొమ్మిది మాస్టర్స్ టోర్నీల్లో ప్రతిదాన్నీ కనీసం రెండుసార్లు గెలిచాడు. ఫెదరర్‌కు మాంటెకార్లో, రోమ్ అందలేదు. నాదల్‌కు మయామీ, పారిస్ మాస్టర్స్ అందలేదు. నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలో ఒక్కోదాన్నీ మూడేసి సార్లయినా గెలిచింది పురుషుల్లో జకోవిచ్ ఒక్కడే. ఫ్రెంచ్ ఓపెన్‌లో నాదల్‌ను రెండుసార్లు ఓడించినవాడు కూడా అతనొక్కడే, 2015లో, 2021లో. మిగిలిన ఒలింపిక్ స్వర్ణాన్ని 2024లో, 37 ఏళ్ల వయసులో, అదే రోలాండ్ గారోస్ మట్టి మీద అల్కరాస్‌ను రెండు టైబ్రేక్‌లలో ఓడించి అందుకున్నాడు.

ఇంకొకటి, ఒత్తిడిలో అతని ఆట. 2019 జూలై 14న వింబుల్డన్ ఫైనల్. అదే ఆదివారం లండన్‌లోనే లార్డ్స్‌లో క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్ సూపర్ ఓవర్ దాకా వెళ్లింది. రెండు చానళ్ల మధ్య రిమోట్ నొక్కుతూ టెన్షన్‌తో కూర్చున్న ఇళ్లు మన దగ్గర చాలానే ఉంటాయి. ఐదో సెట్‌లో 8–7 దగ్గర ఫెదరర్ సర్వీస్, చేతిలో రెండు మ్యాచ్ పాయింట్లు. మ్యాచ్ మొత్తంలో ఫెదరర్ గెలిచిన పాయింట్లు 218, జకోవిచ్‌వి 204. దాదాపు ఐదు గంటల్లో ఎక్కువ భాగం బాగా ఆడింది ఫెదరరే. కానీ మూడు టైబ్రేక్‌లు ఆడితే మూడూ జకోవిచ్‌వి, మ్యాచ్ 7–6, 1–6, 7–6, 4–6, 13–12తో అతనిది. దీన్ని అదృష్టం అనడానికి లేదు. 2010, 2011 యూఎస్ ఓపెన్ సెమీఫైనళ్లలోనూ ఇదే ఫెదరర్ మీద రెండేసి మ్యాచ్ పాయింట్లు కాచుకుని గెలిచాడు. స్టేడియంలో ఎక్కువమంది అవతలివాడి వైపే ఉన్నా, ఓటమికి ఒక్క పాయింట్ దూరంలో ఉన్నా, అతని రిటర్న్ లోతు తగ్గదు, కాళ్లు ఆగవు. ఆటగాడి గొప్పతనాన్ని కొలవడానికి ఇది 24 కన్నా నమ్మదగిన ఆధారం.

ఇన్ని చెప్పుకున్నా లేవర్ దగ్గర ఉండి జకోవిచ్ దగ్గర లేనిది ఒకటుంది, ఒకే క్యాలెండర్ ఏడాదిలో నాలుగూ గెలవడం. 2021లో జకోవిచ్ మూడు గెలిచి, ఆ ఏడాది గ్రాండ్‌స్లామ్‌లలో 27 మ్యాచ్‌లు వరసగా నెగ్గి యూఎస్ ఓపెన్ ఫైనల్లోకి వచ్చాడు. మెద్వెదెవ్ 6–4, 6–4, 6–4తో ఓడించాడు. ఆ రోజు గెలిచి ఉంటే లేవర్ వైపు వాదించడానికి ఎవరికీ ఏమీ మిగిలేది కాదు. ఓడాడు కాబట్టి 1969 ఇంకా ఒంటరిగానే నిలబడి ఉంది. అయితే 2015 వింబుల్డన్ నుంచి 2016 ఫ్రెంచ్ ఓపెన్ దాకా నాలుగు టైటిళ్లూ ఒకేసారి జకోవిచ్ చేతిలోనే ఉన్నాయి. లేవర్ తర్వాత ఆ పని చేసిన మొదటి పురుషుడు అతనే. అదీ మూడు రకాల కోర్టుల మీద, ఫెదరర్‌ను రెండు ఫైనళ్లలో, ఆండీ ముర్రేను రెండు ఫైనళ్లలో ఓడించి. రెండు క్యాలెండర్ ఏళ్లలో పడ్డాయన్న ఒక్క కారణంతో ఆ నాలుగింటిని 1969 కన్నా తక్కువగా చూడాల్సిన అవసరం కనబడదు.